పోటీకి నియమం, నియమానికి రుజువు

2003 జూన్ 16న గోదావరిఖనిలోని 7 ఎల్‌.ఈ.పీ. గనిలోకి నీరు చొచ్చుకువచ్చి 17 మంది కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. వారి స్మృతికి అంకితమైన ఈ ఉపన్యాసానికి రేడియో పోటీల నియమావళి విషయం కావడం మొదట దూరపు సంగతిగా తోచవచ్చు. అయితే నియమం కాగితం మీద ఉండడం వేరనీ, అది అమలవుతున్నదని రుజువు చూపగలగడం వేరనీ బొగ్గుబావుల ప్రాంతానికి కొత్తగా చెప్పనక్కరలేదు. ప్రాణనష్టం ప్రసక్తి లేని ఒక ఆటలో, అదీ డబ్బు బహుమతి కూడా లేని ఆటలో, ఆ రుజువు కోసం లోకమంతటా ఔత్సాహికులు దశాబ్దాలుగా పడిన తంటాలను పరిశీలిస్తే గని, కర్మాగారం, కార్మిక సంఘం వంటి బరువైన వ్యవస్థలకు కూడా పనికివచ్చే సూత్రం ఒకటి తేలుతుంది. తనిఖీకి లొంగని నియమం నిజాయితీపరుణ్ణి మాత్రమే కట్టివేసి, తప్పించుకోదలచినవాణ్ణి వదిలివేస్తుంది. కాబట్టి పోటీలో న్యాయం ఉన్నదా లేదా అన్నది నియమావళి ఎంత పొడవున్నదన్న దాన్ని బట్టి కాక, అందులోని ఒక్కొక్క నియమాన్ని ఎవరు, ఎప్పుడు, దేని ఆధారంగా సరిచూడగలరన్న దాన్ని బట్టి తేల్చుకోవాలి.

హామ్ రేడియో, దాని చట్టం

జీతం కోసమో వ్యాపారం కోసమో కాక, స్వయంశిక్షణ కోసం, సాంకేతిక ఆసక్తి కొద్దీ, ప్రభుత్వ లైసెన్సుతో సొంత ప్రసార కేంద్రం నడుపుకుంటూ దేశదేశాల తోటివారితో మాట్లాడే వ్యాసంగాన్ని అమెచ్యూర్ రేడియో అంటారు. వాడుకలో దానికి హామ్ రేడియో అని పేరు. మన దేశంలో దీనికి 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం, 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం పునాది కాగా, 1978లో ప్రత్యేకంగా అమెచ్యూర్ సర్వీసు నియమాలు వెలువడ్డాయి. 12 ఏళ్లు నిండినవారెవరైనా పరీక్ష రాసి లైసెన్సు పొందవచ్చు. రెస్ట్రిక్టెడ్ గ్రేడు వారికి 50 వాట్ల వరకు, జనరల్ గ్రేడు వారికి 400 వాట్ల వరకు ప్రసార శక్తి వాడుకునే అనుమతి ఉంటుంది. ప్రతి కేంద్రానికీ కాల్‌సైన్ అనే గుర్తింపు ఉంటుంది. భారతీయ హామ్‌ల కాల్‌సైన్‌లు సాధారణంగా వీయూ2, వీయూ3 అని మొదలవుతాయి.

తెలుగునాట ఈ వ్యాసంగానికి సంస్థాగత రూపం ఇచ్చినది 1983లో హైదరాబాదులో ఏర్పడిన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో. 2004 డిసెంబరులో ఆ సంస్థ తరఫున భారతీ ప్రసాద్ నాయకత్వంలో ఒక బృందం అండమాన్ దీవుల నుండి ప్రసారం చేస్తుండగా డిసెంబరు 26న సునామీ వచ్చింది. పోర్ట్‌బ్లెయిర్‌లో ఆ బృందం చేతిలో ఉన్న పరికరాలే ఆపత్కాల వార్తాసంబంధాలకు ఆధారమయ్యాయి. సరదా కోసం సాగిన ప్రసారం గంటల వ్యవధిలో సహాయక చర్యగా మారగలిగిందంటే, అలసటలో, గోలలో, బలహీనమైన సంకేతాల మధ్య తప్పు లేకుండా పేరు వినడం, తప్పు లేకుండా రాసుకోవడం అనే అభ్యాసం ముందే ఉండడం వల్లనే. ఆ అభ్యాసాన్ని పదునుపెట్టే బడి రేడియో పోటీ.

పోటీ నిర్మాణం: బహిరంగమైన అసమానత

1948 నుండి జరుగుతున్న సీక్యూ వరల్డ్ వైడ్ పోటీని ఉదాహరణగా తీసుకోవచ్చు. అక్టోబరు చివరి వారాంతంలో మాటలతో, నవంబరు చివరి వారాంతంలో మోర్స్ సంకేతాలతో, ఒక్కొక్కటి 48 గంటల పాటు జరిగే ఈ పోటీలో వీలైనన్ని కేంద్రాలతో సంబంధం కలపడం లక్ష్యం. సంబంధం కుదిరిన ప్రతిసారీ ఇరువురూ సంకేత బలాన్నీ, తమ మండల సంఖ్యనూ చెప్పుకోవాలి. ప్రపంచాన్ని 40 మండలాలుగా విభజించగా భారత ప్రధాన భూభాగం చాలావరకు 22వ మండలంలోకి, అండమాన్ నికోబార్ దీవులు 26వ మండలంలోకి వచ్చాయి. పోటీదారు తాను కలిసిన ప్రతి కేంద్రం వివరాన్నీ సమయంతో సహా నమోదు చేసే పట్టీని లాగు అంటారు. మొత్తం పాయింట్లను, ఒక్కొక్క తరంగశ్రేణిలో కలిసిన దేశాల, మండలాల మొత్తంతో గుణిస్తే తుది స్కోరు వస్తుంది.

పాయింట్ల లెక్క దగ్గరే న్యాయం ప్రశ్న మొదలవుతుంది. వేరే ఖండంలోని కేంద్రానికి 3, సొంత ఖండంలోని వేరే దేశానికి 1, సొంత దేశంలోని కేంద్రానికి సున్నా. రామగుండం నుండి ప్రసారం చేసే హామ్‌కు జర్మనీ దొరికితే 3 పాయింట్లు, హామ్‌లు కిక్కిరిసి ఉండే జపాన్ దొరికితే 1 మాత్రమే. చెన్నై దొరికితే పాయింటేమీ రాదు గాని దేశం, మండలం లెక్కలోకి వస్తాయి. ఉత్తర అమెరికా ఖండంలోని దేశాలు తమలో తాము కలుసుకుంటే మాత్రం 1కి బదులు 2 పాయింట్లు ఇవ్వాలన్న మినహాయింపు కూడా ఉంది. ఆసియావాసికి ఇది పక్షపాతంగా కనిపించడంలో వింత లేదు. అయినా ఆ మినహాయింపు నియమావళిలో అచ్చయి ఉంది, అందరికీ ముందే తెలుసు, దాన్ని రహస్యంగా వాడుకునే వీలు ఎవరికీ లేదు. దాన్ని విమర్శించవచ్చు, మార్చమని అడగవచ్చు, అంతవరకు తన ఖండంలోని పోటీదారులతోనే పోల్చుకుని తృప్తి పడవచ్చు.

ప్రకృతి, పరిసరాలు కల్పించే తేడాలు కూడా ఈ కోవలోనివే. 2,600 మెగావాట్ల ఎన్టీపీసీ విద్యుత్కేంద్రం నుండి అధిక వోల్టేజి లైన్లు నలుదిక్కులా సాగిపోయే రామగుండంలో రిసీవరు తెరిస్తే వినిపించే బరబర శబ్దం, ఏ ద్వీపం చివరో సముద్రపు ఒడ్డున కూర్చున్న పోటీదారుకు ఉండదు. ఇటువంటి తేడాలను తుడిచివేయడం ఏ నియమావళికీ సాధ్యం కాదు. ఎవరికి ఏ తేడా ఉన్నదో బాహాటంగా తెలిసినంత కాలం పోటీ పరువుకు భంగం రాదు. భంగం తెచ్చేది మరొక జాతి అసమానత, అంటే ఒకరు పాటించి మరొకరు గుట్టుగా ఉల్లంఘించే నియమం పుట్టించేది.

ప్రసార శక్తి పరిమితి అందుకు సరైన నిదర్శనం. ఈ పోటీలో తక్కువ శక్తి విభాగానికి 100 వాట్లు, ఎక్కువ శక్తి విభాగానికి 1,500 వాట్లు గరిష్ఠ హద్దు. ప్రతి ఒక్కరూ తమ దేశపు లైసెన్సు షరతులకు కూడా లోబడి ఉండాలి. అందువల్ల చట్టాన్ని గౌరవించే భారతీయ జనరల్ గ్రేడు హామ్ ఎక్కువ శక్తి విభాగంలో 400 వాట్లతోనే 1,500 వాట్ల వారితో తలపడతాడు. ఇది బహిరంగమైన లోటు. కాని 1,500 వాట్ల హద్దును దాటి అంతకు రెండింతలు వాడే కేంద్రం ఎక్కడో ఉంటే, దాన్ని అవతలి వైపు నుండి కొలవడం దాదాపు అసాధ్యం. ఎందుకంటే అందే సంకేత బలం శక్తి ఒక్కదాని మీదే కాక, యాంటెన్నా ఎత్తు మీద, దిశ మీద, ఆ క్షణపు అయనోవరణ స్థితి మీద కూడా ఆధారపడుతుంది. ఎత్తైన యాంటెన్నా కట్టుకున్న నిజాయితీపరుడూ, పక్కదారి పట్టినవాడూ వినేవారి చెవికి ఒకేలా అందుతారు.

సాక్ష్యం ఎక్కడిది?

రేడియో పోటీల నియమాలను వాటి సాక్ష్యం దొరికే చోటును బట్టి మూడు తరగతులు చేయవచ్చు. మొదటి తరగతి నియమాలకు సాక్ష్యం ఇరుపక్షాల లాగులలోనే ఉంటుంది. రెండో తరగతికి సాక్ష్యం మూడో వ్యక్తి వినికిడిలో దొరుకుతుంది. మూడో తరగతి నియమాల సాక్ష్యం పోటీదారు గది నాలుగు గోడలు దాటి బయటికి రాదు.

మొదటి తరగతిలో పని దాదాపు పూర్తయింది. పోటీ ముగిసిన 5 రోజులలోగా లాగు పంపాలి. వేలాది లాగులను కంప్యూటరు ఒకదానితో ఒకటి సరిపోల్చి, ఒకరు కలిశానన్న కేంద్రం లాగులో వారి పేరు ఉన్నదా, కాల్‌సైన్ సరిగా రాసుకున్నారా, మండల సంఖ్య సరిపోయిందా అని చూస్తుంది. కాల్‌సైన్‌లో ఒక్క అక్షరం తప్పినా ఆ సంబంధం లెక్కలోంచి పోవడమే కాక, అదనంగా కొన్ని పాయింట్లు కోత పడతాయి. తప్పుకు ఉన్నది పోవడంతో సరిపెట్టక అదనపు కోత ఎందుకన్న ప్రశ్నకు గట్టి సమాధానమే ఉంది: కోత లేకపోతే సరిగా వినపడని పేరును ఊహించి రాసుకోవడంలో నష్టమేమీ ఉండదు, మళ్లీ అడిగి నిర్ధారించుకునే జాగ్రత్తపరుడే సమయం పోగొట్టుకుని వెనకబడతాడు. గడువును 5 రోజులకు కుదించడంలో కూడా ఇటువంటి ఆలోచనే ఉంది. వారాల తరబడి వ్యవధి ఇస్తే పోటీ తరువాత రికార్డింగులు విని, జాబితాలు చూసి లాగును కడిగి శుభ్రం చేసుకునే అవకాశం తీరిక ఉన్నవారికి దక్కుతుంది. అలా దిద్దడాన్ని నియమావళి నిషేధించింది; తక్కువ గడువు ఆ నిషేధానికి పళ్లు తెచ్చింది.

రెండో తరగతిలో మార్పు ఈ మధ్య కాలానిది. తరంగశ్రేణిని మొత్తంగా రికార్డు చేసే సాఫ్ట్‌వేర్ రిసీవర్లు వచ్చాక, ఎవరు ఏ నిమిషంలో ఏ ఫ్రీక్వెన్సీ మీద ఉన్నారన్నది న్యాయనిర్ణేతలు తరువాత తీరికగా విని తేల్చగలుగుతున్నారు. మోర్స్ సంకేతాలను యంత్రాలే విని నమోదు చేసే రివర్స్ బీకన్ నెట్‌వర్క్ మరొక సాక్షి. వీటి వల్ల ఒకేసారి రెండు సంకేతాలు పంపడం, ఒంటరి పోటీదారునని చెప్పుకుంటూ మరొకరిని కూర్చోబెట్టుకోవడం వంటివి పూర్వమంత సులువు కాకుండా పోయాయి.

ఈ తరగతిలో కాస్త ఆగి చూడవలసిన సంగతి క్లస్టర్ వాడకం. క్లస్టర్ అంటే ఫలానా కేంద్రం ఫలానా ఫ్రీక్వెన్సీ మీద వినిపిస్తున్నదని హామ్‌లు ఇంటర్నెట్‌లో పరస్పరం తెలుపుకునే జాబితా. దాని సాయంతో పోటీ చేసేవారికి వేరే విభాగం ఉంది; సొంత చెవినే నమ్ముకుంటామని ప్రకటించినవారు దాన్ని చూడరాదు. గదిలో తెర మీద ఏమున్నదో బయటివారికి కనపడదు గనుక ఈ నియమం మూడో తరగతిదేనని చాలాకాలం అనుకున్నారు. అయితే క్లస్టర్‌లో పెట్టినవారు ఒక్కోసారి కాల్‌సైన్ తప్పుగా టైపు చేస్తారు. చెవితో వెతుక్కునే పోటీదారు ఆ ఫ్రీక్వెన్సీకి వస్తే అసలు కాల్‌సైన్ వింటాడు, దాన్నే రాసుకుంటాడు. జాబితాను నొక్కి వచ్చినవాడి లాగులో మాత్రం జాబితాలోని తప్పు, అక్షరం పొల్లుపోకుండా, జాబితా వెలువడిన ఒకటి రెండు నిమిషాలలోనే చేరుతుంది. ఒక లాగులో అటువంటి తప్పు ఒకటి ఉంటే అది యాదృచ్ఛికం కావచ్చు. అదే లాగులో అటువంటివి పదేపదే కనిపిస్తే, పైగా అరుదైన కేంద్రం జాబితాకెక్కిన ప్రతిసారీ పోటీదారు చేస్తున్న పని వదిలి నేరుగా ఆ ఫ్రీక్వెన్సీకే దూకినట్టు తేలితే, సందేహం రుజువుగా గట్టిపడుతుంది. ఉల్లంఘించినవాడి సొంత దస్తావేజే అతని మీద సాక్ష్యం చెబుతుంది. గోడల వెనుక దాగిన నియమాన్ని వెలుగులోకి తేవడానికి గదిలోకి తొంగిచూడనక్కరలేదనీ, దాని జాడ పడే చోటు వెతికితే చాలుననీ ఈ ఉదాహరణ చెబుతున్నది.

రుజువు దొరికాక శిక్ష ఎలా ఉండాలన్న విషయంలో కూడా ఈ పోటీలు కొంత పరిణతి సాధించాయి. పొరపాటుకు పాయింట్ల కోత, మోసానికి అనర్హత అన్న తేడా స్పష్టంగా ఉంది. మధ్యలో ఒక దశలో ఫుట్‌బాల్ ఆటలోలాగా పసుపు, ఎరుపు కార్డుల పద్ధతిని కూడా ప్రవేశపెట్టారు. ప్రతి పోటీదారుకూ తన లాగులో దొరికిన తప్పుల పట్టిక అందుతుంది, లాగులన్నీ అందరూ చూసేందుకు బహిరంగంగా పెడతారు, అనర్హత ప్రకటించేముందు జవాబు చెప్పుకునే అవకాశం ఇస్తారు. శిక్ష ఎంత కఠినమన్న దాని కంటే, అది పేరున్నవారి మీద కూడా పడుతుందన్న నమ్మకం కుదరడమే పోటీకి ఎక్కువ మేలు చేస్తుంది.

గదిని మైదానానికి తెచ్చిన పోటీ

మూడో తరగతి నియమాలకు పూర్తి పరిష్కారం చూపినది వరల్డ్ రేడియోస్పోర్ట్ టీమ్ ఛాంపియన్‌షిప్. 1990లో అమెరికాలోని సియాటిల్‌లో మొదలైన ఈ పోటీ కొన్నేళ్లకొకసారి ఒక్కో దేశంలో జరుగుతుంది. 2014లో న్యూ ఇంగ్లండ్‌లో, 2018లో జర్మనీలో, 2023లో ఇటలీలోని బొలోన్యాలో జరిగింది. ఇద్దరేసి సభ్యుల జట్లన్నీ ఒకే ప్రాంతానికి తరలివస్తాయి. అందరికీ ఒకే రకం యాంటెన్నా, ఒకే ఎత్తు స్తంభం, ఒకే శక్తి పరిమితి. ఎవరికి ఏ గుడారమన్నది చీటీలు తీసి నిర్ణయిస్తారు. ఏ జట్టుది ఏ కాల్‌సైన్ అన్నది ముందుగా వెల్లడి కాదు గనుక, స్వదేశపు మిత్రులు గుర్తుపట్టి పనిగట్టుకుని పిలిచే వీలు తగ్గుతుంది. అన్నింటికన్నా ముఖ్యంగా, ప్రతి గుడారంలోనూ ఒక రిఫరీ కూర్చుని, పోటీదారులు వింటున్నదే తానూ వింటూ 24 గంటలూ గమనిస్తాడు.

ఇక్కడ రూపుమాసినది మోసం ఒక్కటే కాదు, అనుమానం కూడా. మామూలు పోటీలో గెలిచినవాడి మీద, అతను నిజాయితీపరుడైనా సరే, శక్తి ఎంత వాడాడోనన్న గుసగుస ఉండనే ఉంటుంది. దాన్ని కాదని నిరూపించుకునే మార్గం అతనికీ ఉండదు. రిఫరీ ఉన్న గుడారంలో గెలుపు ఆ గుసగుస నుండి విముక్తమవుతుంది. తనిఖీ అన్నది అపనమ్మకానికి గుర్తని భావించడం మన సంస్థలలో తరచు కనిపించే పొరపాటు. నిజానికి తనిఖీ వల్ల ఎక్కువ లాభపడేవాడు నియమం పాటించినవాడే. అయితే ఇంత ఏర్పాటు చేయడానికి ఖర్చు, వందలాది స్వచ్ఛంద సేవకుల శ్రమ అవసరం. ప్రతి పోటీనీ ఇలా నడపలేరు గనుక, నడపలేని చోట తనిఖీకి లొంగే నియమాలనే రాసుకోవడం వివేకం.

బావి దగ్గరి రిఫరీ

రామగుండం, గోదావరిఖని ప్రాంతానికి ఈ తరహా పోటీ పరాయిది కాదు. 1985 నాటి గని రక్షణ నియమాల ప్రకారం నడిచే సింగరేణి రక్షణ కేంద్రం ఇక్కడ ఉంది. గని రక్షణ పోటీలలో ప్రథమ చికిత్స, రక్షణ చర్యలు, నియమాల పరిజ్ఞానం వంటి అంశాలలో జట్లు తలపడతాయి. శ్వాసపరికరం తగిలించుకున్న జట్టు మంచిగాలి ఉన్న స్థావరం నుండి బయలుదేరి, పైకప్పును కొట్టి చూసుకుంటూ, వాయువులను పరీక్షించుకుంటూ ముందుకు సాగుతుంది. నాయకుడు నిర్ణీత వ్యవధిలో ఒక్కొక్కరి గేజి చూసి నమోదు చేస్తాడు. జట్టు ఎప్పుడు తిరుగుముఖం పట్టాలన్నది నాయకుడి ధైర్యం మీద కాక, అందరిలోకీ తక్కువ ప్రాణవాయువు మిగిలిన సభ్యుడి గేజి మీద ఆధారపడుతుంది. న్యాయనిర్ణేత ఆ అంకెను చూస్తాడు, నమోదు చేసిన సమయాన్ని చూస్తాడు, తప్పితే మార్కు కోస్తాడు. ‘జాగ్రత్తగా వెనక్కి రావాలి’ అని రాస్తే ఎవరిది జాగ్రత్తో తేల్చలేరు. గేజి అంకె అని రాస్తే వాదనకు తావు లేదు. 2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లాలో ఎస్సెల్బీసీ సొరంగం కూలి ఎనిమిది మంది చిక్కుకున్నప్పుడు సింగరేణి రక్షణ బృందాలు కూడా రంగంలోకి దిగాయి. పోటీలో కోత పడుతుందన్న భయంతో అలవడిన క్రమమే అటువంటి వేళ చేతులకు గుర్తుంటుంది.

గని చట్టాలలో కూడా ఈ విచక్షణ కనిపిస్తుంది. 1957 నాటి బొగ్గు గనుల నిబంధనలు, నీరు నిలిచిన పాత పనులకు 60 మీటర్ల లోపు తవ్వాలంటే ముందస్తు అనుమతి తప్పనిసరి చేశాయి. ఏ ఒక్క ప్రమాదం కారణాన్నీ ఇక్కడ చర్చించడం ఉద్దేశం కాదు. 60 మీటర్లన్న మాట సర్వే పటం మీద కొలవదగినది, సంతకంతో బాధ్యత నిర్ణయించదగినది అన్నదే గమనించవలసిన అంశం. అదే సమయంలో ఆ నియమం బలమంతా పటం నిజాయితీ మీద నిలిచి ఉంటుంది. పాత పనుల పటం తప్పయితే 60 మీటర్లన్న అంకె ఎవరినీ కాపాడదు. రేడియో పోటీకి లాగు ఎలాగో, గనికి పటం అలాగు.

సింగరేణి కార్మిక సంఘాల చరిత్ర మరొక పాఠం చెబుతుంది. ఏ సంఘానికి ఎందరు సభ్యులన్నది సంఘాల లెక్కలను బట్టి తేల్చవలసివచ్చినంత కాలం వివాదాలు తెగలేదు. 1998లో తొలిసారి రహస్య బ్యాలెట్ ద్వారా గుర్తింపు సంఘాన్ని ఎన్నుకోవడంతో, ఎవరి చేతిలోని జాబితా నిజమన్న తగాదా స్థానంలో అందరి ఎదుట లెక్కించిన ఓటు వచ్చింది. కేంద్ర కార్మిక శాఖ అధికారుల ఆధ్వర్యంలో నడిచే ఈ ఎన్నికలకు మూలం 1958 నాటి క్రమశిక్షణ నియమావళి. అది స్వచ్ఛందంగా ఒప్పుకున్నదే తప్ప శాసనం కాదు. అయినా పెట్టె, లెక్కింపు, తటస్థ నిర్వాహకుడు ఉన్నందువల్ల దానికి శాసనమంత బలం చేకూరింది. 2023 డిసెంబరు 27 నాటి ఎన్నికలలో ఐఎన్‌టీయూసీ ఎక్కువ ఏరియాలు గెలిచినా, కంపెనీ స్థాయిలో 1,999 ఓట్ల ఆధిక్యంతో ఏఐటీయూసీ గుర్తింపు పొందింది. అంత స్వల్ప తేడాతో వచ్చిన ఫలితం నిలబడాలంటే లెక్కింపు మీద ఓడినవారికి కూడా నమ్మకం ఉండాలి.

నియమం రాసేవారికి

ఇంతవరకు పరిశీలించిన వాటినుండి నియమకర్తలు వేసుకోవలసిన ప్రశ్నలు నాలుగు తేలుతాయి. ఈ నియమం కొలతకు లొంగుతుందా? ఉల్లంఘిస్తే దాని జాడ ఎక్కడ పడుతుంది? ఆ జాడను చూసేవారు ఫలితంతో లాభనష్టాలు లేనివారేనా? శిక్ష ముందే ప్రకటించి, తప్పు తీవ్రతకు తగినట్టు ఉన్నదా? వీటిలో మొదటి రెండింటికీ జవాబు లేని నియమాన్ని మార్చాలి, లేదా తీసివేయాలి. గౌరవం కోసం పుస్తకంలో ఉంచితే అది పాటించినవారికి శిక్షగానే పరిణమిస్తుంది.

ఈ ప్రాంతపు కళాశాలలోనో, రక్షణ కేంద్రం పరిధిలోనో రేపు చిన్న రేడియో పోటీ తలపెట్టేవారు ఉంటే, వారికి ఈ పద్ధతిని పాటించడం కష్టం కాదు. రెండు గంటల వ్యవధి, ఒకే తరంగశ్రేణి, రెస్ట్రిక్టెడ్ గ్రేడు వారు కూడా చట్టబద్ధంగా పాల్గొనగలిగేలా అందరికీ 50 వాట్ల హద్దు, చీటీలతో స్థలాల కేటాయింపు, ప్రతి కేంద్రం దగ్గరా మరో జట్టు నుండి వచ్చిన పరిశీలకుడు, పోటీ ముగిసిన వెంటనే లాగుల స్వీకరణ, మరునాడే తప్పుల పట్టికతో సహా ఫలితం. నియమావళిలో ప్రతి నియమానికీ ఎదురుగా దాన్ని ఎవరు, ఎలా సరిచూస్తారో రాసే గడి ఒకటి ఉండాలి. ఆ గడి ఖాళీగా మిగిలిన నియమాన్ని అచ్చుకు ఇవ్వకముందే కొట్టివేయాలి. రెండు గంటల ఆటలో ఈ అలవాటు పడిన విద్యార్థి రేపు ఓవర్‌మన్‌గానో, సర్వేయరుగానో, సంఘ నాయకుడుగానో సంతకం పెట్టేటప్పుడు, ఆ సంతకం కింద కొలిచి చూసిన అంకె ఉన్నదా లేదా అని అడగడం నేర్చుకుని ఉంటాడు; గనిలో ప్రాణం పోయినవారి పేర కార్మిక ప్రాంతం కోరదగిన న్యాయం అటువంటి ప్రశ్నతోనే మొదలవుతుంది.